రచయిత్రుల నవలలకు బహుమానము

కేంద్ర సాహిత్య అకాడమి తెలుగు గ్రంథములకు బహుమానము లిచ్చుట 1955వ సంవత్సరమున నారంభించినది. నాటినుండి 2015 వఱకు గల పట్టికను మేము ముందుంచుకొని చూచితిమి. అఱువదియేండ్ల ఆ పట్టికలో స్త్రీల పేర్లు అయిదు. ఇల్లిందల సరస్వతీదేవిగారికి 1982లో కథలకు, మాలతీ చందూర్ గారికి 1992లో నవలకు, అబ్బూరి ఛాయాదేవిగారికి 2005లో కథలకు, కాత్యాయనీ విద్మహేగారికి 2013లో వ్యాసములకు, ఓల్గాగారికి 2015లో కథలకు ఆ గౌరవము లభించినది. అనగా తెలుగు స్త్రీ వ్రాసిన నవల ఇన్నియేండ్లలో నొక్కటి మాత్రమే, 'హృదయనేత్రి' మాత్రమే, బహుమానమునకు పాత్రమైనదని ఆ పట్టిక చెప్పుచున్నది.

ఈ లెక్క యిట్లుండగా వేఱొక లెక్క మన యిండ్లలోనే యున్నది. 1960 ప్రాంతము మొదలు రెండు దశాబ్దులపాటు తెలుగు నవల స్త్రీల చేతిలో నుండెను. వారపత్రిక విప్పినను, మాసపత్రిక విప్పినను ధారావాహికక్రింద నున్న పేరు రచయిత్రిదే. చలనచిత్రములవారు కథకై వెదకుచు వచ్చినదియు వారి వాకిటికే. కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' యైనది. యద్దనపూడి సులోచనారాణిగారి 'మీన', 'జీవనతరంగాలు' రెండును 1973లో, 'సెక్రటరీ' 1976లో తెరకెక్కినవి. రంగనాయకమ్మగారి 'బలిపీఠం' 1975లో చిత్రమైనది. సాహిత్యచరిత్ర వ్రాసినవారు సైతము దానిని రచయిత్రుల యుగమనియే పేర్కొనిరి. పత్రికాధిపతి బాగుపడెను, చిత్రనిర్మాత బాగుపడెను, దినమునకు కొన్ని పైసల చొప్పున పుస్తకముల నద్దెకిచ్చిన అంగడివాడును బాగుపడెను. బహుమానసంఘము మాత్రము ఆ యుగము గడచినదాక కన్ను తెఱవలేదు. 1982లో తెఱచినప్పుడును నవలను విడిచి కథలను చూచినది.

సరస్వతీదేవిగారి యర్హతను మేము శంకించుట లేదు. కోనసీమవారికి ఆమె యొక విధముగా పొరుగింటి యాడపడుచు. ఆమె జన్మస్థలము నరసాపురము. సఖినేటిపల్లి రేవున నిలిచి చూచిన కనబడు అవతలి గట్టు. 'స్వర్ణకమలాలు' అను ఆమె కథాసంపుటికి వచ్చిన బహుమానమే తెలుగు స్త్రీకి వచ్చిన మొదటి అకాడమి బహుమానము. మా ప్రశ్న వేఱు. ఒక భాషలో నవలలను ఎక్కువగా వ్రాసినవారును, ఎక్కువగా చదివినవారును స్త్రీలే యైన కాలమున, ఆ నవలలలో మంచి యేదో చెడు యేదో తేల్చుటకు కూర్చున్నవా రెవరు? వారికి ఆ నవలలు చదివినవారి మాట యెన్నడైన వినబడెనా?

ఇంగ్లండున నిట్టి ప్రశ్నయే యొకప్పుడు పుట్టినది. 1991లో బుకర్ బహుమానమునకు తుదిపట్టికగా ప్రకటించిన ఆఱు నవలలలో స్త్రీ వ్రాసినది ఒక్కటియు లేదు. ఆ యేడు మంచి నవల వ్రాసిన స్త్రీ లేకపోలేదు. పట్టిక వేసినవారికి ఆ లోపము కనబడనే లేదట. పత్రికలలోను, పుస్తక ప్రకాశకులలోను పనిచేయుచున్న కొందఱు దీనినిగూర్చి కూడి యాలోచించిరి. దాని ఫలముగా 1996 నుండి ఆంగ్లమున నవల వ్రాసిన స్త్రీలకు మాత్రమే యొక బహుమానము ఏర్పడినది. మొదట అది ఆరెంజ్ అను టెలిఫోను కంపెనీ పేర నడచినది, నేడు స్త్రీల బహుమానమనియే పిలువబడుచున్నది. సొమ్ము ముప్పదివేల పౌనులు. సొమ్మును మించి మే మిచట గమనింపదగినది దాని పద్ధతి. మొదట పదునాఱు నవలల పట్టికను బహిరంగముగా ప్రకటింతురు. కొన్ని వారములకు దానిని ఆఱింటికి తగ్గింతురు. మఱికొన్ని వారములకు ఒక్కదానిని ఎన్నుకొందురు. ఈ నడిమికాలమున గ్రంథాలయములలో, ఇండ్లలో, పుస్తకముల యంగళ్లలో పాఠకులు కూడి ఆ పట్టికపై వాదులాడుకొందురు. తీర్పు న్యాయనిర్ణేతలదే, కాని వారు తీర్పు చెప్పునాటికి ఊరంతయు ఆ పుస్తకములను చదివి యుండును గనుక, తప్పుడు తీర్పు చెప్పి తప్పించుకొనుట సులభము కాదు. 2024లో ఆ బహుమానము యాఫ్నా తమిళుల యుద్ధకాలపు బ్రదుకును నవలగా వ్రాసిన వి. వి. గణేశానంథన్ గారికి వచ్చినది.

దానిని మొదటినుండియు ఒప్పుకొననివారును గలరు. ఏ. ఎస్. బయట్ అను ప్రసిద్ధ నవలాకర్త్రి, తాను స్త్రీయయ్యును, స్త్రీల కని వేఱు బహుమానము పెట్టుట వివక్షయే యని తన పుస్తకములను దానికి పంపనీయలేదు. ఈ యాక్షేపణము మన యూళ్లలోను వినబడుచున్నది. సాహిత్యమున ఆడ మగ యేమిటి, స్త్రీలకు వేఱే పంక్తి యేల అని పెద్దమనుష్యు లడుగుచుందురు. ఈ మాట యనువారిని మేము పెండ్లిభోజనము జ్ఞాపకము చేసికొమ్మని కోరుచున్నాము. వంటయంతయు ఎవరి చేతిమీదుగా సాగినదో వారు కడబంతిలో కూర్చుందురు. అప్పటికి గారెలు చల్లారును, పులుసు అడుగంటును. అఱువదియేండ్లలో ఒక్క నవల యనునది కడబంతి లెక్కయే. అందఱికి నొకే పంక్తి యని యెవరైన నిజముగా కోరినచో మొదట ఆ పంక్తిలో ఆకులు సరిగా వేయింపవలెను.

అదియు గాక స్త్రీల రచనకు ప్రత్యేక గౌరవమను ఊహ మనకు ఇంగ్లండునుండి దిగుమతి యైనది కాదు. కోట నరసింహ కేసరిగారు, లోధ్ర మందు మూలమున ఇంటింట పేరెఱిగినవారు, చెన్నపట్టణమునుండి 1928లో 'గృహలక్ష్మి' పత్రికను స్థాపించి, 1934 నుండి రచయిత్రులకు స్వర్ణకంకణ మిచ్చుట యారంభించిరి. మొదటి కంకణము కనుపర్తి వరలక్ష్మమ్మగారిది. ఆ పత్రికలోనే ఆమె వ్రాసిన 'శారద లేఖలు' నాటి స్త్రీల చదువును, ఉద్యమమును, వంటింటిని ఒక్కచోటికి తెచ్చినవి. ఇంగ్లండువారికంటె అఱువదియేండ్లు ముందుగా మద్రాసులోని తెలుగువా రొకరు ఈ పని చేసిరని మన చదువరులలో నెందఱికి తెలియును? కవిసార్వభౌములకు కాలికి గండపెండేరము తొడుగుట, కవయిత్రులకు చేతికి కంకణము తొడుగుట యను తేడాను చూచి నవ్వుకొనువారు నవ్వుకొనవచ్చును. కంకణమునకు కుదువ విలువ యైన నుండును. శాలువ కదియు లేదు.

ఈ మాటను మేము కోనసీమలో పలుచోట్ల కదపితిమి. కోనసీమ ననుటకు కారణ మున్నది. గౌతమి, వసిష్ఠ, వైనతేయల నడుమ, రైలుబండి కూత వినబడని ఆ భూమిలో పుస్తకము దాటిరావలసిన రేవులు హెచ్చు. కనుకనే వచ్చిన పుస్తకము త్వరగా వెనుకకు పోదు. ఒక వారపత్రిక పది యిండ్లు తిరిగి, ధారావాహికల పుటలు కత్తిరింపబడి, సూదిదారముతో కుట్టబడి, అట్ట వేయబడి యొక గ్రంథమగుట ఆ ప్రాంతమున నెఱుగని యిల్లు లేదు. అట్లు కుట్టిన నవలలు కొన్ని భోషాణములలో నేటికిని ఉన్నవి. వానిని కుట్టినవారు బహుమానసంఘములలో నెన్నడును కూర్చుండలేదు.

అమలాపురమున ఒక యింటి యరుగుమీద కూడినవారిలో కొత్తపేట ప్రాంతపు కొబ్బరితోటల యాసామి యొకరు, పదవీవిరమణ చేసిన తెలుగు పండితు లొకరు, రాజోలు తాలూకానుండి వచ్చిన గృహిణి యొకరు, కళాశాలలో పాఠము చెప్పు యువకుడొకడు నుండిరి. స్త్రీల కథాసాహిత్యమునకు తెలుగున నొక బహుమానము పెట్టి, నేటివఱకు వచ్చిన పుస్తకములనుండి ఆఱింటిని మాత్రము పట్టిక వేయవలసినచో ఏవి యుండవలెనని మేమడిగితిమి. పట్టిక ఆ సాయంకాలము పూర్తి కాలేదు.

ఆసామిగారు తడవుకొనక 'మట్టిమనిషి' యనిరి. వాసిరెడ్డి సీతాదేవిగారి ఈ నవల సాంబయ్య యను రైతు కథ. అతడు చెమటతో సంపాదించిన భూమిని కొడుకు, కోడలు పట్టణవాసపు మోజులో పోగొట్టుదురు. తుదకు మనుమడు తాత చేయి పట్టుకొని తిరిగి మట్టికి వచ్చును. ఎకరము కొనుటలోని యాశను, అమ్ముటలోని యవమానమును ఇంత తెలిసి వ్రాసిన మగవాడు తనకు కనబడలేదని ఆసామిగారు చెప్పిరి. 2011లో గిట్టుబాటు లేక కోనసీమ రైతులు సార్వా వేయక పంటవిరామము ప్రకటించినప్పుడు, తన చేను బీడుగా నున్న ఆ నెలలలో దీనిని రెండవమాఱు చదివితినని యాయన చెప్పగా ఎవరును బదులు పలుకలేదు. పిమ్మట రాజోలు గృహిణి మెల్లగా, "బాబాయిగారూ, కోడలు వరూధిని సంగతేమిటండీ? ఊరు చెడితే కోడలివల్లేనా?" అని యడిగిరి. ఆసామిగారు నవ్వి, "ఆయ్, ఆ మాట నిజమేనండీ" అని యొప్పుకొనిరి. ఈ యొక్క ప్రశ్న ఆ నవలపై వచ్చిన పెక్కు సమీక్షలకంటె లోతైనదని మా యభిప్రాయము. భూమిని ప్రేమించువానికి దయ చూపిన గ్రంథకర్త్రి పట్టణమును కోరిన యాడుదానికి ఆ దయను చూపెనా యనునది నిజముగా విచారింపదగినది. మా మట్టుకు మాకు వరూధిని దుష్టురాలుగా తోచదు. మగవాని యైశ్వర్యమున తనకు పాలు లేదని యెఱిగినది, ఆ యైశ్వర్యమును కరగించి బ్రదుకుచూడబోయినది, చెడినది.

ఇట్టి నవలకు కేంద్రపు బహుమానము రాలేదు. నేషనల్ బుక్ ట్రస్టువారు దానిని పలు భారతీయభాషలలోనికి తెచ్చిరి. ఆమెయే వ్రాసిన 'మరీచిక'ను ప్రభుత్వము నిషేధింపగా హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసినది. చదువరులు చదివిరి, దొరతనము భయపడెను, న్యాయస్థానము విచారించెను. ఇందఱు పట్టించుకొన్న రచయిత్రిని బహుమానసంఘ మొక్కటి పట్టించుకొనలేదు.

పండితులు 'హృదయనేత్రి' వైపు నిలిచిరి. స్వాతంత్ర్యోద్యమ కాలమునుండి నడచిన కథ యగుటయు, ఖద్దరు కట్టిన తరమువారి ఆశ తరువాతి తరములో నేమైనదో చూపుటయు వారికి నచ్చినవి. ఆ యభిప్రాయము మాకును కొంత సమ్మతమే. కాని మాలతీ చందూర్ గారు తెలుగు పాఠకురాలికి చేసిన మేలు ఆ యొక్క నవలలో లేదు. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను 1952 నుండి దశాబ్దులపాటు నడపి ఆమె ఇంటిలోని స్త్రీతో నేరుగా మాటాడిరి. 'పాత కెరటాలు'లో ప్రపంచ నవలలను ఒక్కొక్కదానినే తెలుగున పరిచయము చేసిరి. మధ్యాహ్నము వంట ముగించి పీటమీద కూర్చుండి టాల్‌స్టాయి కథను తెలిసికొన్న పాఠకురాలు, ఆ సాయంకాలమునుండి తెలుగు నవలను వేఱుకన్నుతో చదువును. మన స్త్రీలకు నవలను తూచు తక్కెడ నిచ్చినవారిలో ఆమె మొదటివారు. అకాడమివా రామెకు బహుమానమిచ్చిరి, సంతోషము. ఆమె యిచ్చిన తక్కెడను వారు వాడుకొనియుండిన నింకను సంతోషము.

రాజోలు గృహిణి తన చేతిసంచిలోనుండి తీసిన పుస్తకము 'కాలాతీత వ్యక్తులు'. అట్ట పోయినది, మొదటి నాలుగు పుటలు లేవు. డాక్టరు పి. శ్రీదేవిగారు 1929లో జన్మించి 1961లోనే గతించిరి. 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చిన ఆ నవలయే ఆమె వ్రాసిన ఏకైక నవల. విశాఖపట్టణమున ఒక యింటి మేడమీద, క్రిందను కాపురమున్న కొద్దిమంది యువతీయువకుల కథ. వైద్యవిద్యార్థి ప్రకాశము, నెమ్మదియైన కల్యాణి, బాధ్యత లేని తండ్రిని పోషించుచు తన సుఖమును తాను చూచుకొను ఇందిర. 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' అను చిత్రమునకు ఇది మూలమని చెప్పుదురు గాని, చిత్రము చూచినవారు నవల చదివినట్లు కాదు. ఆ గృహిణి వాదము సూటియైనది. తక్కిన నవలలలో ఆడుది కష్టపడిన జాలి పడుదుము, తప్పు చేసిన నిందింతుము. ఇందిర విషయమున ఈ రెండును చేయలేము. ఆమె యెవరిని జాలి యడుగదు. బలహీనుడైన మగవానిని బలహీనుడని ముఖముమీద చెప్పును. ఇట్టి స్త్రీని 1957 ప్రాంతమున ఒక తెలుగు వైద్యురాలు సృష్టించినదనుట ఆశ్చర్యము. ఆసామిగారు ఈ నవలను చదివి యుండలేదు. చదువకుండ కాదనుట తమకు అలవాటు లేదని చెప్పి పుస్తకమును అడిగి తీసికొనిరి.

'బలిపీఠం' ప్రసక్తి రాగానే అరుగుమీద గొంతుకలు తగ్గినవి. హరిజన యువకుడైన భాస్కరుడు, రోగపీడితయైన బ్రాహ్మణ వితంతువు అరుణను సంస్కరణాదర్శముతో పెండ్లాడుట, ఆమె కోలుకొన్న పిమ్మట కులగర్వము ఆ కాపురమును దహించుట అందలి కథ. రంగనాయకమ్మగారికి అప్పటికి చిన్న వయసు. అమలాపురము ఈ నవలను చదువుటకు అర్హమైన ఊరు. 2022 మే 24న జిల్లా పేరునకు అంబేడ్కరుగారి పేరు చేర్చుటపై రేగిన యల్లరిలో మంత్రి యిల్లు, శాసనసభ్యుని యిల్లు తగులబడిన వీథులు ఆ యరుగునకు దూరములో లేవు. పండితులు ఈ నవలలో అరుణ మారదనియు, మరణశయ్యపై గాని తెలిసికొనదనియు, ఆదర్శవివాహములకు ఇది యడ్డుపుల్ల యనియు ఆక్షేపించిరి. యువకుని యాక్షేపణ మింకొకటి. "మాస్టారూ, భాస్కర్ చాలా మంచివాడండీ. అదేనండి ఇబ్బంది. బయటినుంచి చూసి రాసినవాళ్లకి మావాళ్లెప్పుడూ మంచివాళ్లగానే కనబడతారు" అని యతడనెను.

అతడు పట్టికలో చేర్పగోరిన పేరు గోగు శ్యామలగారిది. 'ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం' అను ఆమె కథలు తెలంగాణపు మాదిగవాడలోనుండి వచ్చినవి. 2003లో ఆమె సంపాదకత్వమున వచ్చిన 'నల్లపొద్దు' దళితస్త్రీల రచనలను మొదటిసారి యొక్కచోటికి చేర్చినది. ఈ కథలలో పిల్లలు చెఱువులో నీదుదురు, ఆవులను మేపుదురు, నవ్వుదురు, దెబ్బలు తిందురు. వారు జాలికై కూర్చుండబెట్టిన బొమ్మలు కారు. ఆసామిగారికి ఆ యాస కష్టమైనదట. పదములకు అర్థము క్రింద వేయరాదా యని యడిగిరి. గోదావరి యాసలో వ్రాసిన కథలను తెలంగాణమువారు నూఱేండ్లుగా అర్థముల పట్టిక లేకుండ చదువుచున్నారు కదా యని యువకుడు బదులు చెప్పెను. ఈ వాదమున మేము యువకుని పక్షము.

కోనసీమలో ఇట్టి పేరునకు చోటు లేదనుట చరిత్రకును ఒప్పదు. మామిడికుదురులో జన్మించిన బోయి భీమన్నగారి 'గుడిసెలు కాలిపోతున్నై' కావ్యమునకు 1975లోనే అకాడమి బహుమానము వచ్చినది. ఆ తాలూకాలో ఒక పురుషుడు తన వాడనుగూర్చి వ్రాసి దేశముచేత మెప్పించుకొనగలిగినప్పుడు, అదే వాడలోని స్త్రీ వ్రాసినది ఎచ్చటనున్నదని వెదకుట పాఠకుల పని.

తక్కిన వాదములను త్వరగా చెప్పెదము. ఓల్గాగారి 'విముక్త'లో అడవినున్న సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను కలిసికొనును. పురాణశ్రవణమునకు అలవాటుపడిన పండితులు మొదట ముడుచుకొనిరి. కాని శూర్పణఖ పెంచిన పూలతోట వర్ణన విన్న ఆసామిగారికి ఆమెపై నొక్కసారిగా గౌరవము కలిగినది. తోట పెంచువారి న్యాయము తోటవారికే తెలియును. ఛాయాదేవిగారి 'బోన్‌సాయ్ బ్రతుకు' కథను అందఱు మెచ్చిరి. ఆమె జన్మస్థలము రాజమహేంద్రవరము. కొబ్బరిచెట్టును కుండలో పెంచువాడు మాకింకను కనబడలేదు గాని, పెంపకమున ఆ నేర్పు గల గృహస్థులు లేకపోలేదు.

యద్దనపూడివారి విషయమున అరుగు రెండుగా చీలినది. కారులో వచ్చు ఆఱడుగుల నాయకుడు, ఆత్మాభిమానము గల పేద నాయిక, ఇదియా సాహిత్యమని పండితు లనిరి. ఆ నాయిక ఉద్యోగము చేయుచు జీతము తెచ్చుకొనుటను చూచియే తాము ఆడపిల్లలను టైపు పరీక్షకు పంపితిమని గృహిణి చెప్పిరి. మాకు తోచినది చెప్పెదము. కలలు కనిపించుట చిన్న పని కాదు; అయినను ఆఱు పుస్తకముల పట్టికలో 'సెక్రటరీ'కి చోటు చాలదు. పదునాఱింటి పట్టికలో తప్పక యుండవలెను. పెద్దపట్టిక, చిన్నపట్టిక యని రెండంచెలుగా వేయుటలోని మేలు ఇదియే. జనాదరణమును తోసివేయనక్కఱ లేదు, తలకెత్తుకొననక్కఱయు లేదు.

బీనాదేవిగారు వచ్చునప్పటికి చీకటి పడినది. ఆ పేరు వెనుక నున్నవారు దంపతులు, భాగవతుల నరసింగరావుగారు, త్రిపురసుందరమ్మగారు. న్యాయాధికారియైన భర్త, గృహిణియైన భార్య కలిసి పెట్టుకొన్న పేరది. స్త్రీల బహుమానమున కీ గ్రంథములు అర్హములా? సగము బహుమాన మియ్యవలెనని ఆసామిగారి తీర్పు. రచయిత్రుల పేరున్నచో పత్రికలు త్వరగా అచ్చువేయునని మగవారు స్త్రీల పేర్లు పెట్టుకొన్న కాలముకూడ నొకటి యుండెను. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారి 'ఇల్లాలి ముచ్చట్లు' పురాణం సీత పేరుతోనే నడచినవి. ఇంగ్లండున స్త్రీలు మగపేర్లు దాల్చిరి, ఇచట మగవారు స్త్రీల పేర్లు దాల్చిరి. తెలుగు పాఠకురాలి బలమునకు ఇంతకంటె సాక్ష్య మేల?

ఇక పనిలోని మాట. అకాడమి పద్ధతిలో ఒక గ్రంథము అచ్చయిన కొద్దియేండ్లలోనే పరిశీలనకు రావలెను, ఆ గడువు దాటిన పిమ్మట రాదు. మువ్వురు నిర్ణేతలు కూర్చుందురు. వారి ముందున్న పట్టికపై పాఠకులు వాదించుటకు ఇంగ్లండున వలె వారములకొలది వ్యవధి లేదు. కనుక 'కాలాతీత వ్యక్తులు'గాని 'మట్టిమనిషి'గాని ఆ వాకిట మఱల నిలువజాలవు. పాఠకుల పట్టికకు ఆ గడువు లేదు. సుశీలా నారాయణరెడ్డి పురస్కారమువంటివి రచయిత్రులకు ఏటేట గౌరవము చేయుచున్నవి; అవియు వ్యక్తికి చేయు సన్మానములే గాని పుస్తకములపై పాఠకుల చర్చ కావు.

పొరుగువారిని చూడుడు. కన్నడమున హాసనముననుండు బాను ముష్తాక్ గారి కథలు దీపా భాస్తి యాంగ్లీకరణమున 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమానము నందినవి. హిందీకి గీతాంజలిశ్రీగారి మూలమున 2022లోనే ఆ గౌరవము దక్కినది. వంగభాషకు ఆశాపూర్ణాదేవిగారు 1976లోనే జ్ఞానపీఠమును తెచ్చిరి. తెలుగునకు వచ్చిన మూడు జ్ఞానపీఠములును, 1970, 1988, 2012 సంవత్సరములవి, పురుషులకే. అనువాదకులు చేయి వేయవలెనన్న మొదట ఏ నవలలు మంచివో ఆ భాషవారే నిస్సందేహముగా చెప్పవలెను. మన మింకను చెప్పలేదు.

చెప్పుటకు పుస్తకము లేవి యని రాజోలు గృహిణి యడిగినది. ఆమె అట్టలేని ప్రతి వంటివే పెక్కుచోట్ల మిగిలినవి. ఈ ప్రశ్నకు సమాధానము ఆసామిగారి యింటిపన్ను రసీదులో నున్నది. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మనము చెల్లించుచున్నాము. మేడ యెంత పెద్దదో ఆ పన్ను అంత పెద్దది. కోనసీమలో మేడలకు కొదువ లేదు. ఆ సొమ్ముతో ఏయే గ్రంథములు కొనుచున్నారో అడుగు హక్కు చెల్లించువానికి గలదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట గ్రంథాలయములకు పోయి, పైనుదహరించిన పుస్తకములలో నెన్ని బీరువాలో నున్నవో, ఎన్ని చదువదగిన స్థితిలో నున్నవో, ఈ వారమే యొకరు చూచి రావచ్చును. లేనివాని పేర్లు వ్రాసి కొనుగోలు పట్టికలో చేర్పుమని కోరుటకు ఒక కాగితము చాలును. పది సంతకము లున్న నింకను మంచిది. అందు స్త్రీల సంతకములు ముందుండవలెను, చదివినవారు వారే కనుక.

సార్వా కోతలు ముగిసి, దింపులు తీయించి, సంక్రాంతికి పిల్లలు పట్టణములనుండి వచ్చు రోజులకు ఆఱు పుస్తకముల పట్టిక సిద్ధము కాగలదు. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభలు చూచుటకు కూడు జనములో ఈ వాదమును సాగించుకొనుటకును తీరిక దొరకును. మా వంతు పేరు 'కాలాతీత వ్యక్తులు'. కారణము రాజోలువారు చెప్పినదే. తక్కిన అయిదింటిని చదువరులు మాకు వ్రాసి పంపవచ్చును. పేరుతోపాటు ఆ పుస్తకమును తామెప్పుడు, ఎవరి ప్రతిలో చదివిరో కూడ వ్రాయగోరుచున్నాము.